2018 డీజిల్ డిజైర్‌కు మూడు చోట్ల మూడు ధరలు: అసలు లెక్క ఎలా కడతారు?

క్లాక్ టవర్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. మా మారుతి డిజైర్ వీడీఐ (డీజిల్) కారు అమ్మాలనుకుంటున్నాను. 2018 మార్చి రిజిస్ట్రేషన్, ఏపీ 02 నంబరు, తెలుపు రంగు. మొదటి ఓనర్ని నేనే. 84 వేల కిలోమీటర్లు తిరిగింది, అందులో ఎక్కువ భాగం బెంగళూరు హైవే మీదే. మొదటి ఐదేళ్లు కంపెనీ సర్వీసు, తర్వాత బయట మెకానిక్. ఎడమవైపు వెనక డోరుకు ఒకసారి పెయింటు వేయించాను. టైర్లు మార్చే దశకు వచ్చాయి. క్లచ్ కొంచెం బరువెక్కింది. లోను తీరిపోయింది.

కొత్త కారు కోసం షోరూముకు వెళ్తే ఎక్స్ఛేంజ్ కింద 3 లక్షల 60 వేలు అన్నారు. ఊళ్లో పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీలో 4 లక్షల 10 వేలు. ఒక ఆన్‌లైన్ సంస్థ వెబ్‌సైట్‌లో వివరాలు నింపితే 4 లక్షల 40 వేలు చూపించింది. ప్రకటనల్లో మాత్రం ఇలాంటి కార్లకే 5 లక్షల నుంచి 5 లక్షల 25 వేల దాకా అడుగుతున్నారు. కారు ఒకటే, మధ్యలో లక్షన్నర తేడా. ఎవరిని అడిగినా ఒక అంకె చెబుతున్నారు తప్ప, ఆ అంకె ఎలా వచ్చిందో చెప్పడం లేదు. నాకు కావలసింది ఆ లెక్క.

బురుజు నీడ (కర్నూలు)

అన్నా, ప్రకటనలో కనిపించేది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. 5.25కు పెట్టిన కారు ఎన్నాళ్లుగా అక్కడే ఉందో గమనించండి. నెల దాటినా కదల్లేదంటే ఆ ధరకు కొనేవారు లేరనే అర్థం.

గుత్తి రోడ్డు గ్యారేజీ (అనంతపురం)

సార్, పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నవాడిగా చెబుతున్నాను. మీకు వచ్చిన మూడు ధరలూ ఒకే ప్రశ్నకు మూడు జవాబులు కావు. షోరూము వాళ్లు మీ కారును తాము ఉంచుకోరు, చాలాసార్లు ఎవరో ఒక వ్యాపారికి ఇచ్చేస్తారు. అంటే 3.60 అన్నది, ఆ వ్యాపారి లాభం, షోరూము జాగ్రత్త రెండూ పోగా మిగిలిన ధర. కన్సల్టెన్సీ చెప్పిన 4.10లో ఒక్క వ్యాపారి లాభమే తీసేశారు. ఆన్‌లైన్‌లో వచ్చిన 4.40 కారును చూడకుండా చెప్పిన ధర. వాళ్ల మనిషి వచ్చి టైర్లు, క్లచ్, డోరు పెయింటు చూశాక అది ఎక్కడ ఆగుతుందో అప్పుడు తెలుస్తుంది.

షోరూములో ఇంకో మాట తప్పకుండా అడగండి. పాత కారు ఇవ్వకుండా డబ్బు కట్టి కొత్తది కొంటే ఎంత తగ్గిస్తారు? ఆ తగ్గింపును, ఎక్స్ఛేంజ్ బోనస్‌ను పక్కపక్కన పెట్టి చూస్తేనే మీ పాత కారుకు వాళ్లు నిజంగా ఎంత ఇస్తున్నారో బయటపడుతుంది. బోనస్‌ను పాత కారు ధరలో కలిపేసి పెద్ద అంకె చూపించడం మామూలే.

ఇక లెక్క. ముందు మీ కారులాంటివి వెతకండి. అదే ఏడాది, అదే వేరియంట్, డీజిలే, కిలోమీటర్లు అరవై వేల నుంచి లక్ష మధ్య. మన చుట్టుపక్కల జిల్లాలవైతే మంచిది. వాటిలో అన్నిటికంటే ఎక్కువ, అన్నిటికంటే తక్కువ అడుగుతున్నవి పక్కన పెట్టి, మధ్యలో ఉన్నవి తీసుకోండి. దాంట్లోంచి బేరానికి కొంత తీసేయండి. ఆ తర్వాత కొన్నవాడు మొదటి నెలలో పెట్టాల్సిన ఖర్చు తీసేయండి. మిగిలిందే మీ కారు ధర. మీరు కొన్నప్పుడు ఎంత పెట్టారన్నది ఈ లెక్కలో ఎక్కడా రాదు. సీటు కవర్లకు, మ్యూజిక్ సిస్టంకు పెట్టింది అసలే రాదు.

పెన్నా ఒడ్డు (కడప)

నేను ఇన్సూరెన్స్ రంగంలో పనిచేస్తాను. చాలామంది పాలసీ కాగితం మీదున్న ఐడీవీ చూపించి "ఇదే నా కారు విలువ" అంటారు కాబట్టి ఈ వివరం.

ఐడీవీ అంటే కారు దొంగతనానికి గురైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ లెక్కలోకి తీసుకునే మొత్తం. దాన్ని తయారీదారు ఆ మోడల్‌కు ప్రకటించిన అమ్మకపు ధర నుంచి వయసును బట్టి తరుగు తీసి కడతారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50. ఐదేళ్లు దాటినా, ఆ మోడల్ ఆగిపోయినా కంపెనీ, ఓనరు కలిసి ఒప్పుకున్న అంకె వేస్తారు. మీ కారు విషయంలో రెండూ జరిగాయి.

ఈ పట్టికకు డీజిల్, పెట్రోలు తేడా తెలియదు. ఏ బండికి గిరాకీ ఉందో తెలియదు. టైర్లు అరిగాయో లేదో తెలియదు. అయిదేళ్ల ఇన్నోవా క్రిస్టా సగం ధరకు అమ్ముతానని కడపలో ఎవరైనా అంటే గంటలో కొనేవారు వస్తారు. తయారీ ఆపేసి వెళ్లిపోయిన కంపెనీల కార్లకు సగం ధర రావడమే కష్టం. రెండు కార్లకూ ఐడీవీ పట్టిక మాత్రం ఒకటే. అందుకే దాన్ని అమ్మకపు ధరగా తీసుకోవద్దు.

క్లాక్ టవర్ (అనంతపురం)

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక చిక్కుంది. కొత్త కారు ధరతో పోల్చి చూడమని స్నేహితులు అంటున్నారు. కానీ కొత్త డిజైర్‌లో డీజిల్ లేదు కదా. దేనితో పోల్చాలి?

నల్లమల (నంద్యాల)

మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చినప్పుడు డీజిల్ మానేసింది. అది మీకు ఒక విధంగా మేలు, ఒక విధంగా ఇబ్బంది.

మేలు ఏమిటంటే, మీ కారులోని 1248 సీసీ ఇంజన్ ఫియట్ రూపకల్పన. స్విఫ్ట్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్‌తో పాటు టాటా ఇండికా విస్టాలోనూ, ఫియట్ పుంటోలోనూ అదే కుటుంబం ఇంజన్. దాన్ని విప్పి బిగించలేని మెకానిక్ మన నాలుగు జిల్లాల్లో ఉండడు. విడిభాగాలకు కొరత లేదు. 2017లో వచ్చిన ఆ డిజైర్ డీజిల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 28.4 కిలోమీటర్లు. హైవే మీద అంత రాకపోయినా, రోజూ నంద్యాల నుంచి కర్నూలు తిరిగేవాడికి పెట్రోలు కారు కంటే గట్టి ఆదా. పైగా అది బీఎస్ 4 కాబట్టి డీజిల్ పొగను వడగట్టే డీపీఎఫ్ గొడవ లేదు. ఊళ్లో చిన్న చిన్న దూరాలు తిరిగే బీఎస్ 6 డీజిల్ కార్లలో ఆ ఫిల్టరు మూసుకుపోయి యజమానులు పడే అవస్థ నేను దగ్గరి నుంచి చూస్తున్నాను.

ఇబ్బంది ఏమిటంటే భయం. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్ల మీద ఆంక్షల వార్త వచ్చిన ప్రతిసారీ ఇక్కడ కొనేవాడు వెనకాడతాడు. ఆ నిబంధన ఢిల్లీ ప్రాంతానికి సంబంధించింది. మన రాష్ట్రంలో మీ కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, అంటే 2033 మార్చి వరకు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ ఉంటే అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. కొనడానికి వచ్చినవారికి ఇది ఓపికగా చెప్పండి. భయంతో తగ్గించి అడిగిన ధరకు తలవంచకండి.

గుత్తి రోడ్డు గ్యారేజీ (అనంతపురం)

నల్లమల గారి మాట నిజమే కానీ కొంచెం సర్దాలి. డీజిల్ గిరాకీ మునుపటిలా లేదు. నెలకు అయిదారు వందల కిలోమీటర్లు తిరిగేవారు నా దగ్గరికి వచ్చి పెట్రోలే అడుగుతున్నారు. డీజిల్ కోసం వచ్చేది దూరం తిరిగేవారు. అలాంటివారు మీటరు కంటే ఇంజన్‌ను ఎక్కువ చూస్తారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి టైమింగ్ చైన్ శబ్దం వింటారు. ఆయిల్ మూత తీసి పొగ కొడుతోందా అని చూస్తారు. అందుకని చూడటానికి ఎవరైనా వస్తే బండిని ముందే వేడి చేసి ఉంచకండి సార్. చల్లటి ఇంజన్ చూపిస్తే వాళ్ల నమ్మకం పెరుగుతుంది, బేరం తగ్గుతుంది.

బురుజు నీడ (కర్నూలు)

కొత్త కార్ల ధర సంగతి పూర్తిగా వదిలేయకూడదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ తగ్గింది గుర్తుందా? నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు, 1500 సీసీ లోపు డీజిల్ కార్ల మీద పన్ను 28 శాతం, దాని మీద సెస్ పోయి 18 శాతమే మిగిలింది. పన్ను లేకుండా 5 లక్షలు ఉన్న చిన్న పెట్రోలు కారు మునుపు 1 శాతం సెస్‌తో కలిపి 6 లక్షల 45 వేలు. ఇప్పుడు 5 లక్షల 90 వేలు. అంటే 55 వేలు తగ్గింది. కొత్తది 55 వేలు తగ్గితే, రెండేళ్ల పాత కారు మునుపటి ధరకే ఎవరు కొంటారు?

పాతబడిన కొద్దీ ఈ దెబ్బ పలచబడుతుంది. మీ కారుకు పెద్దగా తగలదు. కానీ ఆ తేదీకి ముందు ఎవరో "నా డిజైర్ ఇంతకు పోయింది" అని చెప్పిన మాట ఈరోజు లెక్కకు పనికిరాదు.

కొత్తగా కొనేవాడు (ధర్మవరం)

అన్నలారా, నేను కొనే వైపు ఉన్నాను. 2019లో వచ్చిన సెల్టోస్ డీజిల్ ఒకటి చూశాను. మన పెనుకొండలో తయారైన కారు కదా అని మనసు పడింది. బెంగళూరులో అదే ఏడాది కారు ఇక్కడి కంటే బాగా తక్కువకు వస్తోంది. అక్కడి నుంచి తెచ్చుకోవడం లాభమేనా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

తమ్ముడూ, ఆ తక్కువ ధర వెనక పన్ను ఉంది. వేరే రాష్ట్రం కారు పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, ఇక్కడ కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం వెనక్కి అడగవచ్చు, కానీ అది చేతికి వచ్చేదాకా లెక్కలో వేసుకోవద్దు. ఎన్‌వోసీ, పన్ను, తిరుగుడు ఖర్చు అన్నీ కలిపాక కూడా తక్కువకు వస్తేనే బెంగళూరు వెళ్లండి. పన్ను ఎంతో బయానా ఇవ్వక ముందే మన ఆర్టీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

మా కర్నూలువాళ్లకు ఇంకో చిక్కు ఉంది, చాలామంది గమనించరు. నంబరు ఏపీతో మొదలైతే మన రాష్ట్రం కారే అనుకుంటారు. రాష్ట్రం విడిపోక ముందు, అంటే 2014 జూన్‌కు ముందు, మహబూబ్‌నగర్ కార్లకు ఏపీ 22, హైదరాబాద్‌కు ఏపీ 09, రంగారెడ్డికి ఏపీ 28, 29 ఉండేవి. ఆ కార్లు ఇప్పుడు తెలంగాణ లెక్కలో ఉన్నాయి. తుంగభద్ర వంతెన అవతలి నుంచి ఏపీ 22 కారు తక్కువకు వచ్చిందని కొన్నాక, పేరు మార్పుకు వెళ్తే పక్క రాష్ట్రం బండి అని తేలుతుంది. పదకొండేళ్లు దాటిన కార్లలోనే ఈ ఇబ్బంది. కానీ మొదటి కారు కొనే చిన్న ఉద్యోగులు చూసేది ఆ కార్లనే, అందుకే బాధ.

2019 నుంచి మన రాష్ట్రంలో అన్ని జిల్లాలకూ ఏపీ 39 వరుస ఇచ్చారు. ఆ నంబరు చూసి కారు కడపదో, కాకినాడదో చెప్పలేం. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ కార్యాలయం, ఎన్నో ఓనరు, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నది చూడండి.

నల్లమల (నంద్యాల)

ధర్మవరం తమ్ముడికి ఇంకో మాట. సెల్టోస్ 2019 ఆగస్టులో వచ్చినప్పుడే బీఎస్ 6 ఇంజన్లతో వచ్చింది. అంటే ఆ డీజిల్‌లో నేను పైన చెప్పిన ఫిల్టరు ఉంటుంది. కారు ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగిందో అడగండి. బెంగళూరు ట్రాఫిక్‌లోనే తిరిగిన డీజిల్ కంటే అనంతపురం హైవే మీద తిరిగిన డీజిల్‌కు నేనైతే కొంత ఎక్కువే ఇస్తాను, కిలోమీటర్లు ఎక్కువున్నా సరే.

పెన్నా ఒడ్డు (కడప)

వరద కార్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. చెన్నైలో 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో, విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు, మన అనంతపురంలోనే 2022 అక్టోబరులో కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నిలిచాయి. అలాంటి కారును కడిగి, సీట్లు మార్చి అమ్మితే పైకి కొత్తదిలా కనిపిస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో బురద చార ఉంటుంది. స్టెప్నీ కింద గుంతలో ఒండ్రు, సీటు బోల్టులకు తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్ల దగ్గర పచ్చటి పూత కనిపిస్తే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. ఆ కారుకు ధర కట్టే లెక్క నాకు తెలిసి ఏదీ లేదు.

బురుజు నీడ (కర్నూలు)

మీటరు తిప్పడం కూడా. కొనేవాడు మొదట అడిగేది కిలోమీటర్లే కాబట్టి మోసం అక్కడే జరుగుతుంది. కంపెనీ సర్వీసు సెంటర్‌లో ఓనరు చేతే నంబరు చెప్పించి చరిత్ర తీయించండి. చివరి బిల్లులో 90 వేలు ఉండి మీటరులో 60 వేలు కనిపిస్తే ఇక మాట్లాడటానికి ఏమీ లేదు. బిల్లులు లేకపోతే టైర్లు చూడండి. ప్రతి టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3520 అంటే 2020లో 35వ వారం తయారైనది. 2018 కారు 30 వేలే తిరిగిందంటూ 2020 నాటి టైర్లు ఎందుకు ఉన్నాయి? దానికి సరైన జవాబు చెప్పగలగాలి.

నాపరాతి బాట (ఎర్రగుంట్ల)

మా వైపు కార్ల గురించి ఒక్క మాట. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాతి గనుల మధ్య తిరిగే బండికి 50 వేల కిలోమీటర్లంటే వేరే చోట 80 వేలతో సమానం. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, ఏసీ కండెన్సర్ అన్నీ దుమ్ముకు దెబ్బతింటాయి. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ వేసి, బండి నిలబెట్టి చూడండి. పొద్దున పూట ఏ ఏసీ అయినా చల్లగానే ఉంటుంది.

ఏడు రోడ్ల కన్సల్టెన్సీ (కడప)

నేను ఈ వ్యాపారం చేసేవాణ్ణి. చదువుతుంటే కన్సల్టెన్సీవాడు తేరగా డబ్బు తీసుకుంటాడన్న భావం కొందరిలో కనిపిస్తోంది. నా వైపు లెక్క కూడా వినండి.

4 లక్షలకు కారు కొంటాను. టైర్లు, పాలిష్, చిన్న డెంటింగ్ చేయించాలి. నెలో రెండు నెలలో అది నా స్థలంలో నిలబడుతుంది, ఆ డబ్బుకు వడ్డీ నేను కట్టుకోవాలి. 4 లక్షల 50 వేలకు అమ్మితే ఆ 50 వేల తేడా మీద 18 శాతం జీఎస్టీ, అంటే 9 వేలు. చిన్న కార్లకు 12 శాతంగా ఉన్నదాన్ని జీఎస్టీ కౌన్సిల్ 2024 డిసెంబరులో 18కి పెంచాలని నిర్ణయించింది. ఓనరు నేరుగా ఇంకో వ్యక్తికి అమ్ముకుంటే ఆ పన్ను లేదు. కారులో లోపం బయటపడితే కొన్నవాడు తిరిగి నా దగ్గరికే వస్తాడు. అందుకని క్లాక్ టవర్ గారికి చెప్పిన 4.10ను నేను అన్యాయం అనను. ఆయనకు ఓపిక ఉంటే నేరుగా అమ్ముకుని పై ముప్పై వేలు సంపాదించుకోవచ్చు. ఓపిక లేకపోతే అది మా శ్రమ ఖరీదు.

మైదుకూరు టీచర్

శ్రమ ఖరీదు మీరు తీసుకోండి, కాదనను. కానీ పేరు మార్పు సంగతి ఎవరు చూస్తారు?

మా ఇంట్లో పాత కారును ఒక కన్సల్టెన్సీకి అమ్మారు. డబ్బు వెంటనే ఇచ్చారు, ఫారాల మీద ఖాళీగా సంతకాలు తీసుకున్నారు. ఏడాది గడిచినా ఆర్సీ మా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆ కారు ఎవరి చేతుల్లో ఉందో మాకు తెలియదు, జరిమానా చలాన్లు మాత్రం మా ఫోనుకు వస్తూ ఉండేవి. డెబ్బై ఏళ్ల మనిషి ఆ మెసేజీ వచ్చిన ప్రతిసారీ నిద్ర లేకుండా గడిపారు. ప్రమాదం జరిగి ఉంటే? 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: కారు ఎన్ని చేతులు మారినా, ఆర్టీవో రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే ఓనరు, పరిహారం బాధ్యత వారిదే.

ధర గురించి ఇంత చర్చ చేస్తున్నారు. పేరు మారని కారును పదివేలు ఎక్కువకు అమ్మడం లాభం కానే కాదు. దయచేసి ఎవరూ ఖాళీ ఫారాల మీద సంతకాలు చేయకండి.

ఏడు రోడ్ల కన్సల్టెన్సీ (కడప)

అమ్మా, మీ నాన్నగారికి జరిగింది తప్పే. మా వృత్తిలో అలా చేసేవారు ఉన్నారు, దాచను. అందుకే 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. పాత కార్ల వ్యాపారి ఆర్టీవో దగ్గర అధీకృత డీలరుగా నమోదు కావాలి. ఓనరు కారు అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేశాక, దాని బాధ్యత డీలరు మీదికి వస్తుంది. అమ్మేవారు మొదట అడగాల్సిన ప్రశ్న: "మీకు ఆ అధికార పత్రం ఉందా?" లేదంటే, నేను ఇదే వ్యాపారంలో ఉండి చెబుతున్నాను, కారు ఇవ్వకండి.

తుంగభద్ర గట్టు (కర్నూలు)

నేరుగా అమ్మితే పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 ఇవ్వాలి. అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో, కొన్నవారు ముప్పై రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. క్లాక్ టవర్ గారూ, లోను తీరిందన్నారు. ఆర్సీలో బ్యాంకు పేరు తీయించారా? బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 ఇచ్చి తీయించాలి. చాలామంది లోను తీరగానే పని అయిపోయిందనుకుంటారు. కొనేవాడు యాప్‌లో చూసి "ఫైనాన్స్ ఉంది" అని వెనక్కి వెళ్లిపోతాడు, లేదా దాన్ని చూపించి ధర తగ్గిస్తాడు.

క్లాక్ టవర్ (అనంతపురం)

తీయించలేదు! ఎన్‌వోసీ బీరువాలో ఉంది. రేపే ఆ పని చూస్తాను. తేదీ దాటిపోయి ఉంటే బ్యాంకులో మళ్లీ తీసుకుంటాను.

మీరందరూ చెప్పినట్టు లెక్క కట్టాను, చూసి చెప్పండి. కర్నూలు, అనంతపురం, కడప, నంద్యాల, బళ్లారి ప్రకటనల్లో 2018 డీజిల్ వీడీఐలు వెతికాను. బళ్లారివి పన్ను కారణంగా పక్కన పెట్టాను. ఎల్లో బోర్డు (ట్యాక్సీ) నుంచి వైట్ బోర్డుకు (సొంత కారుగా) మార్చినవి కూడా తీసేశాను. మిగిలినవాటిలో మధ్య ధర 4 లక్షల 95 వేలు. బేరానికి 25 వేలు తీస్తే 4.70. నాలుగు టైర్లకు 20 వేలు, క్లచ్ సెట్ కూలితో 14 వేలు, బంపరు గీతలకు 4 వేలు. మొత్తం 38 వేలు తీస్తే 4 లక్షల 32 వేలు. ఇన్సూరెన్స్ ఇంకా ఎనిమిది నెలలు ఉంది, దానికి ఏమైనా కలపాలా?

గుత్తి రోడ్డు గ్యారేజీ (అనంతపురం)

లెక్క బాగుంది సార్. టైర్లు మీరే మార్చి అమ్ముదామని మాత్రం అనుకోవద్దు. 20 వేలు పెట్టి మారిస్తే ధరలో 20 వేలు పెరగదు, కొనేవాడు పదివేలకు మించి లెక్క వేయడు. క్లచ్ అలా కాదు. నడిపి చూసినప్పుడు క్లచ్ బరువుగా ఉంటే ఇంకేమేమి పోయాయోనని అనుమానం మొదలవుతుంది, 14 వేల లోపానికి 30 వేలు తగ్గించమంటాడు. అందుకని క్లచ్ వేయించి, బిల్లు కారులో పెట్టండి. టైర్లు వదిలేయండి. డోరు పెయింటు సంగతి అడగక ముందే చెప్పండి. ఎలాగూ మా లాంటివాడు తట్టి చూసి కనిపెడతాడు. పిల్లర్లు, లోపలి వెల్డింగులు ముట్టుకోని కారుకు ఒక డోరు పెయింటు పెద్ద లోటు కాదు.

క్లచ్ వేయించాక మీ అంకె 4.45 దాకా వెళ్తుంది. 4.75 చెప్పి మొదలుపెట్టండి. 4.30 కిందికి దిగవద్దు. అంతకు దిగే పరిస్థితి వస్తే నేరుగా అమ్మే ఈ శ్రమ ఎందుకు, కన్సల్టెన్సీకే ఇచ్చేయవచ్చు.

పెన్నా ఒడ్డు (కడప)

ఇన్సూరెన్స్‌కు పెద్దగా కలపకండి. కొన్నవారికి థర్డ్ పార్టీ కవరు దానంతట అదే వెళ్తుంది. సొంత నష్టం కవరు మాత్రం పాలసీ వారి పేరుకు మారితేనే వర్తిస్తుంది, అందుకు పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. మీరు క్లెయిములు లేకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మీది. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం. కారు అమ్మాక కంపెనీ నుంచి ఆ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల లోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. కొత్త కారు ప్రీమియంలో సొంత నష్టం భాగం సగానికి తగ్గుతుంది, అది చిన్న మొత్తం కాదు. షోరూములో ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు మీరే ఆ సర్టిఫికెట్ చూపించి అడగండి.

క్లాక్ టవర్ (అనంతపురం)

అందరికీ తాజా సమాచారం. ఆర్సీలో బ్యాంకు పేరు తీసేశారు. క్లచ్ వేయించాను. తాడిపత్రి నుంచి ఒక కుటుంబం తమ మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. చల్లటి ఇంజన్ చూశారు, డోరు సంగతి నేనే ముందు చెప్పాను, సర్వీసు బిల్లులన్నీ ముందు పెట్టాను. 4 లక్షల 42 వేలకు కుదిరింది. బయానా పదివేలు ఇచ్చారు. మిగిలింది నగదుగా ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

తుంగభద్ర గట్టు (కర్నూలు)

వద్దండీ. ఒకే లావాదేవీలో 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 ఏప్రిల్ నుంచి నిషేధించింది. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. విడతలుగా తీసుకున్నా కారు ఒకటే కాబట్టి లావాదేవీ ఒకటే. బ్యాంకు ఖాతాకు వేయించుకోండి. డబ్బు ఖాతాలో పడ్డాకే ఫారాలు, తాళాలు ఇవ్వండి. అప్పగించిన తేదీ, సమయం, మీటరు రీడింగ్ రాసిన కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి.

మైదుకూరు టీచర్

ఫారాల్లో అన్ని గడులూ మీ ముందే నింపించండి సార్. పేరు మారేదాకా వారానికొకసారి యాప్‌లో చూస్తూ ఉండండి.

క్లాక్ టవర్ (అనంతపురం)

అలాగే చేస్తాను. ఖాతాకే పంపమని చెప్పాను, ఒప్పుకున్నారు. సోమవారం ఇద్దరం కలిసి ఆర్టీవో కార్యాలయానికి వెళ్తున్నాం.